చంచల్‌గూడ నుంచి పోచంపల్లి దాకా

గురువారం

కాచిగూడ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరున్నర. సెప్టెంబరు 17 వెళ్ళిన మర్నాడు కావడంతో కరెంటు స్తంభాలకు కట్టిన జెండాలు, ఫ్లెక్సీలు ఇంకా దించలేదు. ఒకరిది విమోచన దినం, ఒకరిది విలీన దినం, ఇంకొకరిది సమైక్యతా దినం. 1948లో ఆ రోజున నిజాం లొంగిపోయాడన్న సంగతి అన్నింటిలోనూ ఉంది. ఆ తరువాతి వారాల్లో ఏం జరిగిందన్నది ఏ ఒక్కదానిలోనూ లేదు. నేను వచ్చింది ఆ తరువాతి సంగతుల కోసం. అప్పుడు ఎవరెవరు జైళ్ళలో పడ్డారు, ఎవరిని ఎప్పుడు వదిలారు, బయటికి వచ్చాక పక్కపక్క ఇళ్ళలో మళ్ళీ ఎలా కాపురం చేశారు అని.

మాది ఖమ్మం జిల్లా. మా ఊళ్ళో పెద్దవాళ్ళు నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల కథలు ఎన్నో చెప్పారు. గడ్డివాముల్లో దాక్కోవడం, ఏటికి అడ్డంపడి భారత యూనియన్ గడ్డకు పారిపోవడం, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పేవారు. కథ ఎప్పుడూ సైన్యం రావడంతో ఆగిపోయేది. ఆ తరువాత మా ఊరి ముస్లిం కుటుంబాలు ఏమయ్యాయని అడిగితే "వెళ్ళిపోయారు" అని ఒక్క ముక్క.

స్టేషన్ బయట ఉస్మానియాలో నాతో చదివిన మిత్రుడు స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. వాళ్ళ అమ్మవైపు వారిది జహీరాబాద్ పక్కన, అప్పటి బీదర్ జిల్లాలోని ఒక పల్లె. 1948 చలికాలంలో కట్టుబట్టలతో హైదరాబాదు చేరారు. ఆ సంగతి చదువుకునే రోజుల్లో వాడెప్పుడూ ఎత్తలేదు.

కాచిగూడ ప్రాంతంలోనే షోయబుల్లాఖాన్‌ను చంపారు. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు, ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. రజాకార్లను రద్దు చేయాలని, హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలని కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ధైర్యంగా అచ్చు వేశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వస్తుండగా కాపు కాసి కాల్చారు, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది చేయి కూడా పోయింది. హంతకులు అతని మతం వాళ్ళే. హైదరాబాదు కథను రెండు మతాల మధ్య తగాదాగా చెప్పేవాళ్ళకు ఈ ఒక్క హత్య అడ్డు నిలుస్తుంది. అతని పేరు ఈ వీధుల్లో ఇంకా పెద్ద అక్షరాలతో కనబడాలని నా కోరిక.

అక్కడి నుంచి కోఠి. మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని బాగు చేశారు, రాతి సింహాలు, పెద్ద మెట్ల వరుస చూడముచ్చటగా ఉన్నాయి. నా ధ్యాస మాత్రం బస్సుల రద్దీ మధ్య ఉన్న తుర్రేబాజ్ ఖాన్ స్మారకం మీదే. 1857 జూలై 17న ఈ రెసిడెన్సీ మీదికి దండెత్తినవాళ్ళలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముఖ్యులు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని తూప్రాన్ దగ్గర తూటాలకు బలయ్యాడు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆయన మళ్ళీ ఈ ఊరి ముఖం చూడలేదు, ఆ దీవిలోనే కన్నుమూశాడు. ఈ నగరపు రాజకీయ ఖైదీల వరుస అక్కడ మొదలవుతుందని లెక్కవేసుకున్నాను.

శుక్రవారం

చంచల్‌గూడ. 1876లో కట్టిన కేంద్ర కారాగారం. గోడ వెంబడి నడిస్తే బయట జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకు, అవతల ఖైదీలు తయారుచేసిన వస్తువులు అమ్మే దుకాణం. లోపలికి వెళ్ళే పని మాకు లేదు. ములాఖత్ కోసం వచ్చినవాళ్ళ వరుస పక్కన చాలాసేపు నిలబడ్డాం.

ఒకావిడ చేతిలో పాలిథిన్ సంచి. అందులో రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, రబ్బరు చెప్పులు. లోపలికి ఏవి అనుమతిస్తారో, ఏవి తిప్పి పంపుతారో తెలియక మాటిమాటికీ తీసి చూసుకుంటోంది.

"అన్నా, ఈ కాగితం చదివి చెప్తారా?" అని నా చేతికి ఇచ్చింది.

కొడుకు బెయిలు ఉత్తర్వు. కోర్టు బెయిలు ఇచ్చి నెలలు దాటింది. ఇద్దరు జామీనుదారులు కావాలి.

"బెయిలు వచ్చిందమ్మా. జామీను ఇచ్చేవాళ్ళు లేక ఆగింది."

"వచ్చిందని వకీలు కూడా అన్నాడు. వస్తే ఇంటికి పంపాలి కదా, ఎందుకు పంపరు?"

మిత్రుడు ఆమెకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ గురించి చెప్పాడు. హామీలో సడలింపు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, దానికి లాయరు రుసుము ఉండదనీ విడమరిచి, చిరునామా కాగితం వెనక రాసిచ్చాడు. 2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే నేరం రుజువు కానివాళ్ళు. రాజకీయ ఖైదీల విడుదల గురించి ఎవరు మాట్లాడినా ఈ వరుసను కూడా లెక్కలోకి తీసుకోవాలని అక్కడ నిలబడ్డప్పుడు గట్టిగా అనిపించింది.

హైదరాబాదు సంస్థానపు జైళ్ళు ఐదారేళ్ళ వ్యవధిలో ఒకరి తరువాత ఒకరుగా ఎందరినో చూశాయి. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను 1947 ఆగస్టు 15న, దేశమంతా స్వాతంత్ర్యం పండుగ చేసుకుంటున్న రోజున, నిర్బంధించారు. ఆయనా, ఆయనతో పాటు వేలమంది సత్యాగ్రహులూ ఆ మరుసటి సంవత్సరం సైన్యం వచ్చాక బయటపడ్డారు. వాళ్ళు వెళ్ళిన దారినే రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ లోపలికి వచ్చాడు. ఆ వెనకే భూస్వాముల మీద పోరాడిన కమ్యూనిస్టులు, వాళ్ళకు గంజి పోసిన పాపానికి పట్టుబడ్డ రైతులు. నల్లగొండ ప్రత్యేక ట్రిబ్యునళ్ళు 12 మందికి ఉరిశిక్ష వేశాయి. వాళ్ళ ప్రాణాల కోసం దేశదేశాల్లో ఆందోళన జరిగింది. బ్రిటన్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వాదించడానికి వచ్చాడు. చివరికి ఉరి యావజ్జీవంగా మారింది.

1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ నుంచి నడిచి వచ్చాడు. ఇప్పుడు అక్కడ పోలీసు అకాడమీ ఉంది. సమ్మేళనం అయ్యాక ఆయన అనుమతి తీసుకుని జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిశాడు. ఆ తరువాతే శ్రీరామనవమి నాడు తెలంగాణ పల్లెల దారి పట్టాడు. గొడవ పడుతున్న పల్లెలకు శాంతి చెప్పబోయే మనిషి ముందు జైలుకు వెళ్ళి, ఆయుధం పట్టినవాడు ఎందుకు పట్టాడో అతని నోటనే విన్నాడు. ఆయన భూదానం మీద నాకు అభ్యంతరాలున్నాయి. ఈ వరుస మాత్రం సరైనదని నా గట్టి నమ్మకం.

మధ్యాహ్నం ముషీరాబాద్. ఒకప్పటి ముషీరాబాద్ జైలును పడగొట్టి ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి కట్టారు. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులు అటకెక్కిన కాలంలో, 1975 డిసెంబరు 1న, ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఇక్కడే ఉరితీశారు. వాళ్ళను కాపాడాలని కన్నబిరాన్ వంటి న్యాయవాదులు, ఎందరో రచయితలు చివరి దాకా తిరిగారు. 12 మంది ఉరితాడు తప్పించుకున్న చరిత్ర ఉన్న ఊళ్ళోనే ఇరవై ఏళ్ళు దాటాక ఇద్దరికి ఆ అదృష్టం లేకపోయింది.

ఓపీ ముందు చెట్టు కింద టీ తాగుతుంటే మిత్రుడు ఇంకో సంగతి గుర్తుచేశాడు. ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దాదాపు పదేళ్ళ జైలు జీవితం తరువాత 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చాడు. అదే ఏడాది అక్టోబరు 12న ఈ నగరంలోనే చనిపోయాడు. ఆయన దేహాన్ని గాంధీ వైద్య కళాశాలకే ఇచ్చారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని అన్నేళ్ళు లోపల ఉంచి, చివరికి నేరం లేదని తేల్చాక, ఆ పదేళ్ళకు జవాబుదారీ ఎవరు? న్యాయస్థానం తలుపు తీసింది సరే. విడుదలైన మనిషి బతకడానికి కావలసిన ఆరోగ్యాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

శనివారం

రోజంతా బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో. అక్కడి ఉర్దూ పుస్తకాల సేకరణ పేరుపొందినది. మిత్రుడు ఉర్దూ చదువుతూ నాకు తెలుగులో చెబుతుంటే నేను రాసుకున్నాను. మధ్యాహ్నం నుంచి సుందర్‌లాల్ కమిటీ నివేదిక పట్టుకున్నాం.

పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ, ఈ ముగ్గురినీ నెహ్రూ చొరవతో పంపారు. 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు దాకా సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగారు. తాము చేరలేని ఊళ్ళ నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. సైన్యం సంస్థానంలోకి వచ్చిన 'పోలీసు చర్య' సమయంలో, దాని తరువాత కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. చచ్చినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. రజాకార్లు అంతకుముందు చేసిన అఘాయిత్యాలను కూడా ఆ నివేదిక దాచలేదు. పటేల్ దాన్ని ఒప్పుకోలేదు. ప్రభుత్వం అచ్చు వేయలేదు. ఢిల్లీలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చేసరికి 2013 అయింది. ఖైదీలను ఐదేళ్ళకో పదేళ్ళకో వదిలారు, ఈ కాగితాలను వదలడానికి అరవై ఏళ్ళు పైగా పట్టింది.

అందులో ఒక చోట ఇద్దరం ఆగిపోయాం. హిందూ నేతపనివారు కొందరు తోటి ముస్లిం నేతపనివారిని తమ ప్రాణాలు పోతున్నా లెక్కచేయకుండా కాపాడారని రాశారు. వాళ్ళ పేర్లు లేవు, విగ్రహాలు లేవు. మతం వేరైనా మగ్గం ఒకటే అనుకున్నారు. మిత్రుడు ఆ వాక్యాలను తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

రాత్రి భోజనం వాళ్ళింట్లో. ఖట్టీ దాల్, అన్నం, చింతచిగురు మాంసం. వాళ్ళమ్మగారికి తెలుగు చక్కగా వచ్చు. మేం చదివినదేమిటో ఆమెకు చెప్పాం. చాలాసేపు విని అడిగింది.

"ఆ కాగితంలో మా ఊరు ఉందా బాబూ?"

"లేదమ్మా. వాళ్ళు అన్ని ఊళ్ళకూ వెళ్ళలేకపోయారు."

"మా అమ్మ ఆ ఊరి పేరు పలికేది కాదు. 'ఊరు' అనేది, అంతే. ఊళ్ళో మామిడి, ఊళ్ళో బావి. బావి మాట వస్తే మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయేది."

తరువాత ఆమె తన పెదనాన్న సంగతి చెప్పింది. తహసీలు కచేరీలో చిన్న గుమాస్తా. రజాకారని ఎవరో చూపిస్తే పట్టుకుపోయారు. కేసు లేదు, విచారణ లేదు. రెండేళ్ళకు వదిలారు. వదిలినప్పుడు చేతికి ఒక చీటీ కూడా ఇవ్వలేదు. ఉద్యోగం పోయింది. ఊరికి పోతే ఇంట్లో వేరెవరో ఉన్నారు. హైదరాబాదు వచ్చి పత్తర్‌గట్టిలో లెక్కలు రాసి బతికాడు. ఆరోజు తనను ఎందుకు తీసుకుపోయారని అధికారులకు అర్జీలు రాస్తూనే ఉన్నాడట, చనిపోయే దాకా.

"జవాబు వచ్చిందా అమ్మా?"

"పోస్టు కార్డు కూడా రాలేదు."

ఒక మనిషిని నిష్కారణంగా లోపల ఉంచిన ప్రభుత్వం "నీ మీద ఏ నేరమూ లేదు" అని రాతపూర్వకంగా చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఒక్క కాగితం ఉంటే ఆయనకు కచేరీలో పని దొరికేది. ఊళ్ళో ఇల్లు అడగడానికి నోరు లేచేది. విడుదల అంటే తాళం తీయడమొక్కటే కాదని, పేరు తిరిగి ఇవ్వడమూ, ఇల్లు తిరిగి ఇవ్వడమూ అందులో భాగమని నేను ఈ నాలుగు గోడల మధ్యే నేర్చుకున్నాను.

ఆదివారం

మెట్రోలో ఉప్పల్, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో పోచంపల్లి. దారి పొడుగునా వాదించుకుంటూనే వెళ్ళాం.

హత్యలు చేసినవాళ్ళను వదలవచ్చా అన్నది మా తగాదా. నేను ఉత్తర ఐర్లాండ్ గురించి చెప్పాను. 1998 ఒప్పందం ప్రకారం, కాల్పుల విరమణకు కట్టుబడిన సంస్థల ఖైదీలను రెండేళ్ళలోనే వదిలారు. 400 మందికి పైగా. మళ్ళీ హింసకు దిగితే తిరిగి లోపలికే అన్న షరతు మీద. తమవాళ్ళను చంపినవారు వీధిలో ఎదురుపడుతుంటే బాధితుల కుటుంబాలు పడిన క్షోభ చిన్నది కాదు. అయినా ఆ విడుదల లేకపోతే ఒప్పందమే నిలిచేది కాదు. శ్రీలంకలో దీనికి తలకిందులుగా జరిగింది. 2009లో యుద్ధం ముగిసింది గానీ, 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద పట్టుబడిన తమిళులు ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గారు. మాయమైన బిడ్డల ఫొటోలు పట్టుకుని తల్లులు రోడ్ల పక్కన కూర్చున్నారు. అక్కడ తుపాకులు ఆగాయి, శాంతి రాలేదు.

"అయితే రజ్వీని వదలడం మంచిదే అంటావా?" అని అడిగాను.

"వదలడం తప్పు కాదురా," అన్నాడు. "1957లో వదిలారు, పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఆయన చేసినదానికి జవాబు చెప్పుకుంటూ ఇక్కడ బతికింది మా పెద్ద తాతలాంటివాళ్ళు. విడిచేముందు ఆయన చేత నిజం చెప్పించాల్సింది. ఎవరెవరిని చంపించాడో, ఏ ఊరు తగలబెట్టించాడో. అప్పుడు రజాకారు ఎవరో, గుమాస్తా ఎవరో అందరికీ తెలిసేది."

నా దగ్గర దీనికి ఎదురు వాదం లేదు.

పోచంపల్లిలో వినోబా మందిరం చూశాం. 1951 ఏప్రిల్ 18న ఇక్కడి 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. తెలంగాణలో ఆ విడత నడకలోనే వినోబాకు 12,000 ఎకరాలకు పైగా దానపత్రాలు వచ్చాయి. అంతకుముందు సాయుధ పోరాటంలో 3,000 గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టుల లెక్క. ఆ భూమిలో చాలా భాగం సైన్యం అండతో మళ్ళీ దొరల చేతికి వెళ్ళింది. నా అభ్యంతరం ఇక్కడే. దానం ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడుతుంది, హక్కు అలా కాదు. జాగీర్ల రద్దు 1949లో, కౌలుదారుల రక్షణ చట్టం 1950లో వచ్చాయి. పల్లెల్లో కాస్తయినా నిలిచిన శాంతికి దానపత్రాలకన్నా ఈ చట్టాలే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు పోరాట విరమణ ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది మఖ్దూం మొహియుద్దీన్ జైలు నుంచి బయటికొచ్చి హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు వెళ్ళాడు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు. నిన్నటి దాకా తలకు వెల కట్టినవారికి ఓటు పెట్టె ముందు చోటు దొరికింది. దేశంలో చాలా చోట్ల ఈ పని ఇంకా జరగలేదు.

మందిరం వెనక సందులో ఒక నేత ఇంటికి పిలిచారు. ఇంటావిడ చిటికి కడుతోంది. చట్రానికి బిగించిన తెల్లటి దారం మీద గుర్తులు గీసి ఉన్నాయి. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీలతో ఆ గుర్తుల దగ్గర బిగించి ముడులు వేస్తోంది. రంగులో ముంచినప్పుడు ముడి కింద దారం తెల్లగానే మిగులుతుంది. మళ్ళీ విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగు. మగ్గం ఎక్కకముందే చీర మీది పువ్వు దారంలో పూర్తవుతుందన్నమాట. వెంట్రుకవాసి తేడా వచ్చినా నేతలో అంచు చెదిరిపోతుందని చెప్పింది. చెబుతున్నంతసేపూ వేళ్ళు ఆగలేదు.

గుంట మగ్గం దగ్గర కూర్చున్న ఆమె మామగారికి ఎనభై దాటి ఉంటాయి. రజాకార్ల కాలంలో వాళ్ళ నాన్న కుటుంబంతో భీవండి వెళ్ళిపోయాడట. తిరిగి వచ్చాక నేత మొదలుపెట్టడానికి నూలు అప్పిచ్చింది ఒక ముస్లిం వ్యాపారి. మిత్రుడు నోటు పుస్తకం తీసి, నిన్న రాసుకున్న వాక్యాలు ఆయనకు తెలుగులో చదివి వినిపించాడు.

ముసలాయన మళ్ళీ చదవమన్నాడు. విన్నాక అడిగిన మొదటి మాట ఇది.

"వాళ్ళ పేర్లు రాయలేదా బిడ్డా?"

"లేదు తాతా."

"రాయాల్సింది. మావాళ్ళే కదా."

సోమవారం

రైలు సాయంత్రం. మధ్యాహ్నం లోపు బేగంపేట వైపు మంజీరా అతిథి గృహం చూద్దామని వెళ్ళి గేటు బయటి నుంచే చూశాం. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా ప్రభుత్వానికి, నక్సలైటు పార్టీలకు మధ్య చర్చలు జరిగిన రోజుల్లో పత్రికలన్నిటా నలిగిన పేరిది. హోంమంత్రి జానారెడ్డి ఒక పక్క, అడవి నుంచి వచ్చిన రామకృష్ణ బృందం ఇంకో పక్క. భూమి పంపకం, రాజకీయ ఖైదీల విడుదల ఎజెండాలో ఉన్నాయి. వాళ్ళను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి 1997 నుంచి ఓపికగా తిరిగింది ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌర స్పందన వేదిక. 2005 జనవరికల్లా అంతా విరిగిపోయింది, మళ్ళీ ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి. భూమి వ్యవహారాల మీద వేసిన కోనేరు రంగారావు కమిటీ మాత్రం మిగిలింది.

శంకరన్ గురించి ఒక్క మాట చెప్పాలి. 1987లో తూర్పుగోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయన్ను, తోటి ఐఏఎస్ అధికారులను ఎత్తుకుపోయారు. జైళ్ళలోని తమవాళ్ళను వదిలితేనే వీళ్ళను వదిలారు. ఖైదీల విడుదల వల్ల స్వయంగా ప్రాణాలతో బయటపడిన మనిషి, తనను బంధించినవాళ్ళతోనే మాట్లాడాలని ప్రభుత్వానికి పదేళ్ళ తరువాత నచ్చజెప్పాడు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు. అలాంటి మధ్యవర్తి ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కరు కూడా నాకు కనబడలేదు. అది ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన విషయం.

స్టేషన్‌కు వెళుతూ మిత్రుడితో ఒక ప్రతిపాదన పెట్టాను. వచ్చే జనవరిలో వాళ్ళమ్మగారిని తీసుకుని ఆ బీదర్ పక్క పల్లెకు వెళదామని. ఊరి పేరు ఆమెకు తెలుసు, వాళ్ళ అమ్మ పలకకపోయినా. అక్కడి పంచాయతీలో 1948లో ఇల్లు వదిలినవారి వివరాలు అడుగుదాం. దొరికినా దొరకకపోయినా అర్జీ ఒకటి ఇద్దాం, పెదనాన్నగారు ఆపిన చోటి నుంచి.

వాడు కాసేపు ఆలోచించాడు.

"ముందు భైరాన్‌పల్లి వెళదాం," అన్నాడు. రజాకార్లు 1948 ఆగస్టులో ఊరి మగవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చిన ఊరది. ఊరివాళ్ళు చివరిదాకా ఎదిరించి పోరాడిన బురుజు ఇప్పటికీ ఉంది. "అమ్మ కూడా వస్తానంది. నిన్న రాత్రే అడిగాను. అక్కడి పెద్దవాళ్ళు చెప్పేది ముందు మేం వినాలి. ఆ తరువాత మా ఊరి సంగతి మేం అడుగుతాం."

సంక్రాంతి సెలవుల్లో సిద్దిపేట బస్సుకు టికెట్లు దొరకవు. కనుక పండుగ వెళ్ళిన వారంలో శనివారం భైరాన్‌పల్లి, ఆదివారం బీదర్ అని ఖాయం చేసుకున్నాం. ఉర్దూ అర్జీ వాడు రాస్తాడు, తెలుగుది నేను. కన్నడంలో రాసేవాళ్ళను ఇంకా వెతకాలి.